నీళ్ల లెక్క ఇద్దరికీ తెలియాలి

మార్చి ఆఖరి వారంలో మన ఊళ్లలోని ఈత కొలనుల నోటీసు బోర్డుల మీద ఒక కాగితం వెలుస్తుంది. ఏప్రిల్ ఒకటి నుంచి వేసవి శిక్షణ శిబిరాలు, క్లబ్ బ్యాచ్‌ల వేళలు మారతాయి, సహకరించగలరు. అది చదవగానే కోచ్ మొహం మాడిపోతుంది. ‘ఏడాదంతా చీకటితో లేచి పిల్లల్ని తెచ్చింది మేము. రెండు నెలల గిరాకీ రాగానే మమ్మల్ని పక్కకు నెడతారా?’ అని ఆయన కోపం. ‘పది నెలలు నష్టానికి నడిపాను. ఈ రెండు నెలల్లో కూడా నాలుగు డబ్బులు రాకపోతే జీతాలు ఎక్కణ్ణుంచి తేను?’ అని మేనేజర్ కోపం.

ఇద్దరి కోపంలోనూ న్యాయముంది. అందుకే ఈ తగాదా ఏటా వస్తుంది, ఏటా ఒకే తీరున ముగుస్తుంది. కోచ్ కొన్నాళ్లు మాట్లాడటం మానేస్తాడు. పిల్లలు రెండు నెలలు నీళ్లకు దూరమవుతారు. వాళ్లలో కొందరు జూన్ తర్వాత తిరిగి రారు. మేనేజర్ వేసవి డబ్బు లెక్కపెట్టుకుని, నవంబరులో మళ్లీ ఖాళీ కొలను ముందు కూర్చుంటాడు.

మన దగ్గర ఈత క్లబ్బుకు సొంత కొలను ఉండటం అరుదు. విజయవాడ గాంధీనగర్‌లోని సర్ విజ్జీ పూల్ నగరపాలక సంస్థది. విశాఖ బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ అక్కడి నగరపాలక సంస్థ జీవీఎంసీది. గచ్చిబౌలి కొలను 2002 జాతీయ క్రీడల కోసం ప్రభుత్వం కట్టించింది. మిగిలినవి స్కూళ్లవి, హోటళ్లవి, అపార్టుమెంట్లవి. అంటే కోచ్ కల ఎప్పుడూ ఇంకొకరి నీళ్ల మీదే తేలుతుంది. ఆ ఇంకొకరితో ఏళ్ల తరబడి కలిసి పనిచేయడం స్ట్రోకు దిద్దడమంత కష్టమైన విద్య. స్ట్రోకు దిద్దే కోచ్‌లు మనకు చాలామంది ఉన్నారు. ఈ రెండో విద్య మాత్రం ఎవరూ నేర్పరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొలను అద్దెకు తీసుకునేవాడు కరెంటు బిల్లు చదవాలి, కొలను నడిపేవాడు పోటీల క్యాలెండరు చదవాలి. తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండు కాగితాలూ చేతులు మారకపోవడం వల్లే వస్తాయి.

ఖాళీ గంట ఖరీదు

ముందు కోచ్‌లకు, క్లబ్ కార్యదర్శులకు. అద్దె బేరం మొదలుపెట్టే ముందు ఒకసారి పంప్ రూమ్‌లోకి వెళ్లి రండి. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కొలనులో 25 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. ఆ నీళ్లన్నీ కొన్ని గంటలకోసారి ఫిల్టర్లలోంచి తిరిగి రావాలి. ఆరు గంటలకొక చుట్టు అనుకున్నా గంటకు నాలుగు లక్షల లీటర్ల పైచిలుకు పంపు తోడిపోయాలి. నలభై మంది ఈదుతున్నా, ఒక్కరే ఈదుతున్నా, అసలెవరూ లేకపోయినా ఆ పంపు తిరగాల్సిందే. జనం లేరని క్లోరిన్ మానేస్తే నాలుగు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. లైఫ్‌గార్డు జీతం, వాచ్‌మన్ జీతం, పగిలిన టైల్సు, కాలిపోయిన మోటారు, వీటిలో ఏదీ హాజరు పట్టీ చూసి రాదు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, మీ కొలను అంకెలు మీరు వేసుకోండి. అన్ని ఖర్చులూ కలిపి నెలకు 6 లక్షల రూపాయలు. రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు, 10 లేన్లు. మొత్తం 3,120 లేన్ గంటలు. అన్నీ నిండితే ఒక్కో లేన్ గంటకు పడే ఖర్చు 192 రూపాయలు. సగమే నిండితే 385. కొలను అదే, నీళ్లు అవే, బిల్లూ అదే. ఖాళీగా పోయిన లేన్ల భారం నిండిన లేన్ల నెత్తిన పడింది, అంతే.

ఈ లెక్క ఒకసారి తలకెక్కితే బేరమాడే తీరే మారిపోతుంది. ‘పిల్లలు పేదవాళ్లండీ, కాస్త తగ్గించండి’ అని అడిగే క్లబ్బుకీ, ‘మీకు పొద్దున్న ఐదు నుంచి ఆరున్నర దాకా ఎవరూ రావడం లేదు. ఆ గంటన్నరకి ఆరు లేన్లు ఏడాది పొడవునా మేం తీసుకుంటాం, వాన పడినా చలి పడినా డబ్బు కడతాం. రేటు చెప్పండి’ అనే క్లబ్బుకీ చాలా తేడా ఉంది. మొదటిది దయ అడుగుతోంది. రెండోది మేనేజర్ సమస్యలో కొంత భాగం తన భుజం మీద వేసుకుంటోంది. బయలుదేరిన బస్సులో ఖాళీ సీటును మర్నాడు ఎవరికీ అమ్ముకోలేం. గడిచిపోయిన లేన్ గంట కూడా అంతే. దాన్ని నింపగలిగినవాడి మాటకు ఏ కొలను ఆఫీసులోనైనా విలువ ఉంటుంది.

మన వాతావరణంలో ఆ ఖాళీలు ఎక్కడుంటాయో అందరికీ తెలుసు. తెల్లవారుజామున ఒకటి. మధ్యాహ్నం ఒకటి, కానీ ఆరుబయట కొలనులో ఆ ఎండకు ఎవరూ దిగరు. అన్నిటికంటే పెద్దది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. హైదరాబాదులో డిసెంబరు ఉదయం నీళ్లలో వేలు పెట్టి సరదా ఈతగాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. పోటీలకు తయారయ్యే పిల్ల మాత్రం దిగుతుంది. చలికాలమంతా వచ్చే ఆ పదిహేను, ఇరవై మంది పిల్లలే క్లబ్ చేతిలో ఉన్న అసలు బలం. వాళ్ల హాజరు రాసి పెట్టుకోండి. వేసవి వేళల గురించి మాట్లాడేటప్పుడు ఆ పట్టీ బల్ల మీద ఉండాలి.

రన్నర్‌కి రోడ్డుంది

ఇప్పుడు మేనేజర్లకు. పరిగెత్తేవాడికి మైదానం మూసేస్తే రోడ్డుంది. బ్యాడ్మింటన్ ఆడేవాడికి కోర్టు లేకపోతే మేడ మీద షాడో ప్రాక్టీసైనా ఉంటుంది. ఈతగాడికి నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. నీటి మీద పట్టు అనేది అరచేతిలో, ముంజేతిలో ఉండే స్పర్శ. రెండు వారాలు దూరమైతే ముందు పోయేది అదే, తిరిగి రావడానికి ఆలస్యం చేసేదీ అదే.

దీనికి మన దేశంలో అందరం చూసిన సాక్ష్యం ఉంది. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో దేశమంతా కొలనులు మూతబడ్డాయి. పోటీ ఈతగాళ్ల శిక్షణకు అనుమతి వచ్చేసరికి అక్టోబరు సగమైంది. ఏడు నెలలు. ఆసియా క్రీడల్లో పతకం గెలిచిన వీర్‌ధవళ్ ఖడే ఆ జూన్‌లోనే, ఇలాగైతే ఈతకు స్వస్తి చెప్పే ఆలోచన చేయాల్సి వస్తుందని బహిరంగంగా చెప్పారు. మరో ఈతగాడు సాజన్ ప్రకాశ్ విదేశాల్లో కొలను వెతుక్కుని సాధన చేశారు. 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణం అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యారు. అంతటివాళ్లకే నీళ్లు దొరక్కపోతే అన్ని అవస్థలు. మీ కొలనుకు వచ్చే పదమూడేళ్ల పిల్లకు వేరే దేశం పోయే దారి లేదు. మీరు రెండు నెలలు తలుపు వేస్తే ఆమె ఏడాది పోయినట్టే.

కోచ్ కోపం అహంకారమనుకోకండి. అది లెక్క. మీ పంపుకు నీళ్లు తిప్పే చుట్టు ఉన్నట్టే ఆయన పిల్లలకు ఒక చక్రముంది. ఓర్పు పెంచే నెలలు, వేగం పెంచే వారాలు, పోటీకి ముందు భారం తగ్గించే రోజులు. మధ్యలో గొలుసు తెగితే మళ్లీ మొదటి నుంచి అల్లాలి. మీ ఆఫీసు గోడ మీద కరెంటు బిల్లు గడువు తేదీ ఎలా రాసుంటుందో, ఆ పక్కనే జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీల తేదీలు కూడా రాయించండి. ఫిల్టర్ ఇసుక మార్చే పని పోటీలకు వారం ముందు పెట్టుకోకుండా పోటీ అయిన మర్నాడు పెట్టుకోవడానికి మీకు పైసా ఖర్చు లేదు. మీరు తేదీలు చూసి ఆ పని జరిపారని తెలిసిన రోజు ఆ కోచ్ మీ కొలను పట్ల చూపే విశ్వాసం వేరుగా ఉంటుంది.

ఏప్రిల్ చిక్కుముడి

అసలు చిక్కు వేసవిదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ఇటీవలి ఏళ్లలో జూనియర్ నేషనల్స్ ఆగస్టులో జరుగుతున్నాయి. వాటికి ముందే రాష్ట్ర ఎంపికలుంటాయి. అంటే పిల్లలు ఎక్కువ దూరాలు ఈదాల్సిన నెలలు సరిగ్గా ఏప్రిల్, మే. స్కూలు ఉండదు, రోజుకు రెండు పూటలూ సాధన చేయించే వీలు అప్పుడే. మేనేజర్‌కి ఏడాది ఆదాయంలో పెద్ద వాటా వచ్చేదీ ఆ రెండు నెలల్లోనే. ఇద్దరి పంటా ఒకే కారులో ఒకే పొలంలో పండాలి. మనస్తత్వాలు మార్చుకున్నంత మాత్రాన ఇది విడిపోదు. నీళ్లను పంచుకునే పద్ధతి మార్చాలి.

కొలను వెడల్పు 25 మీటర్లుంటే ఒక మార్గం చేతిలోనే ఉంది. లేన్ తాళ్లను పొడవునా కాకుండా అడ్డంగా కట్టండి. అప్పుడు 25 మీటర్ల లేన్లు వరసగా వస్తాయి. లోతు ఎక్కువున్న సగం క్లబ్బుకు, తక్కువున్న సగం శిబిరానికి. 25 మీటర్ల సాధన తక్కువదేమీ కాదు. షార్ట్ కోర్స్ పోటీలు ఆ పొడవు కొలనులోనే జరుగుతాయి, మలుపులు ఎక్కువ వస్తాయి కాబట్టి గోడ మీంచి తన్నే తన్ను పదునెక్కుతుంది. ఎనిమిది లేన్ల కొలనుల్లో వెడల్పు 21 మీటర్ల చిల్లరే ఉంటుంది. అక్కడ సమయాల నమోదుకు పనికిరాదు, ఓర్పు సాధనకు మాత్రం చక్కగా సరిపోతుంది. తాళ్లు కట్టే కొక్కేలు ఆ వైపు గోడకు లేకపోతే చలికాలంలోనే బిగించుకోండి. ఆ ఖర్చు క్లబ్ పెట్టుకుంటామంటే ఏ మేనేజరూ కాదనడు.

రెండో మార్గం ఇంకా మంచిది, ఎక్కువమంది దాన్ని చూడరు. వేసవి శిబిరానికి బాగా నేర్పేవాళ్లు కావాలి. రెండు నెలల కోసం మేనేజర్ ఎవరినో వెతికి తెస్తాడు. అనుభవమున్న శిక్షకులు, పదహారు, పదిహేడేళ్ల సీనియర్ ఈతగాళ్లు క్లబ్బులో ఉన్నారు. శిబిరంలో నేర్పే బాధ్యత క్లబ్ తీసుకుని, దానికి బదులు తెల్లవారుజాము లేన్లు అలాగే ఉంచుకోవచ్చు. ఇందులో మేనేజర్‌కి ఇంకో లాభముంది. శిబిరానికి వచ్చిన పిల్లవాడు నీళ్ల భయం పోగొట్టుకుని, నాలుగు ల్యాపులు ఈది, జూన్‌లో మాయమైపోతాడు. ఆ పిల్లల్లో చురుకైనవాళ్లను గుర్తుపట్టి ‘ఇంకా నేర్చుకుంటావా?’ అని అడిగేవాడు కొలను గట్టు మీదే ఉంటే, కొందరైనా జూలైలో తిరిగి వస్తారు. రెండు నెలల ఫీజు కట్టే పిల్లవాడు పన్నెండు నెలల ఫీజు కట్టే పిల్లవాడవుతాడు. మేనేజర్లూ, మీ లెక్కల పుస్తకంలో క్లబ్బును ‘రాయితీ అడిగేవాళ్లు’ అనే వరసలోంచి తీసి, చలికాలం ఆదాయం అనే వరసలో రాసి చూడండి.

సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదిన నిషా మిల్లెట్ తర్వాత బెంగళూరులో ఈత అకాడమీ పెట్టి, నగరంలోని వేర్వేరు కొలనుల్లో శిక్షణ నడిపారు. పెద్ద స్థాయిలో ఈదినవాళ్లు కూడా వేరొకరి కొలను యాజమాన్యంతో కూర్చుని వేళలు, ఫీజులు మాట్లాడుకోవాల్సిందే. అందులో చిన్నతనమేమీ లేదు.

నీళ్లు, కరెంటు, క్రమశిక్షణ

2024 మార్చిలో బెంగళూరు నీటి కరువులో పడింది. ఈత కొలనుల్లో తాగునీరు వాడకూడదని అక్కడి జలమండలి ఉత్తర్వులిచ్చింది, తప్పితే జరిమానా అంది. ఎండలు ముదిరాక హైదరాబాదులో ట్యాంకర్ల వెంట పరుగులు మనకూ తెలిసినవే. అపార్టుమెంటు సంఘం సమావేశంలో మొదట వేటు పడేది కొలను మీదే. ఆ రోజు కొలను పక్షాన నిలబడి మాట్లాడాలంటే, నీళ్లు వృథా చేయని అలవాట్లు అంతకుముందే చేతుల్లో ఉండాలి.

పైన చెప్పిన 50 మీటర్ల కొలనులో నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 12,500 లీటర్లు పోయినట్టు. రెండున్నర ట్యాంకర్లు. అది ఆవిరైపోయిందా, కింద కారిపోతోందా తేల్చుకోవడానికి సులువైన పద్ధతుంది. ఒక బకెట్లో కొలను నీళ్లే నింపి, కొలను మెట్టు మీద సగం మునిగేలా పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయటి మట్టం రెండూ గుర్తు పెట్టుకోండి. ఒక రోజు తర్వాత చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పని. కొలనులో ఎక్కువ తగ్గితే ఎక్కడో లీకుంది. ఇది క్లబ్ పిల్లలే చేయవచ్చు. సైన్సు పాఠం కూడా అవుతుంది.

ఆవిరిని ఆపేది కవరు. రాత్రి కవరు కప్పితే నీళ్లు మిగులుతాయి, వేడి చేసే కొలనులో వేడీ మిగులుతుంది. అయినా చాలాచోట్ల కవరు కొని, చుట్టి, మూలన పడేశారు. కారణం చిన్నది. రాత్రి కప్పడానికి, పొద్దున్న తీయడానికి మనుషుల్లేరు. ఆఖరి బ్యాచ్ కప్పుతుంది, మొదటి బ్యాచ్ తీస్తుంది అని క్లబ్ మాటిస్తే ఆ పని పది నిమిషాలది. ఒక్క షరతు: కవరు మొత్తం తీసే దాకా ఒక్కరు కూడా నీళ్లలో దిగకూడదు, సగం కప్పిన కొలను ప్రాణాంతకం.

తర్వాతది స్నానం. ‘ఈ కొలనులో క్లోరిన్ ఎక్కువ, ముక్కు మండుతోంది’ అని తల్లిదండ్రులు మేనేజర్ మీదికి వెళుతుంటారు. ఆ ఘాటు వాసన చాలాసార్లు క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. మన ఒంటి చెమట, మూత్రంతో క్లోరిన్ కలిసి పుట్టే క్లోరమిన్లది. తలకు కొబ్బరినూనె, ఒంటికి పౌడరు, ఆడుకుని వచ్చిన చెమట, అన్నీ తీసుకుని పిల్లలు నేరుగా దూకుతారు. క్లోరిన్ క్రిములను చంపడం మాని ఈ మురికితో పోరాడుతూ ఖర్చైపోతుంది. సబ్బుతో ఒక్క నిమిషం స్నానం, నెత్తికి టోపీ, దిగే ముందు మూత్రశాల. ఈ మూడింటినీ కోచ్ పట్టుపట్టి చేయిస్తే మేనేజర్ రసాయనాల బిల్లు తగ్గుతుంది. క్లబ్ కట్టే అద్దెలో కనిపించని అద్దె ఇది. చేస్తున్నారా? అయితే బేరంలో గట్టిగా చెప్పుకోండి.

మేనేజర్ వైపు చేయాల్సినవీ ఉన్నాయి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య నిలబెట్టాలి. 8 దాకా ఎక్కనిస్తే క్రిములను చంపే రూపంలో ఉండే క్లోరిన్ 7.2 దగ్గర ఉన్నదాంట్లో మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన రెండు వంతుల డబ్బు నీళ్లలో పోసినట్టే. రాత్రిళ్లు జనం లేనప్పుడు పంపు వేగం తగ్గించే డ్రైవ్ ఒకటి బిగిస్తే లాభం చాలా పెద్దది. వేగం ఐదో వంతు తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడుతుంది, పంపుల ధర్మం అలాంటిది. దానికి పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడిలో క్లబ్ మూడు నెలల అద్దె ముందుగా ఇచ్చి చేయి కలిపితే, తర్వాత రెండేళ్లు అద్దె పెంచను అని మేనేజర్ మాటివ్వడం న్యాయంగా ఉంటుంది.

ఈ ఖర్చుల బాధ మనకే కాదు. బ్రిటన్‌లోనూ చాలా క్లబ్బులకు సొంత కొలను లేదు. కౌన్సిళ్ల కొలనుల్లో లేన్లు అద్దెకు తీసుకుంటాయి. 2022లో అక్కడ గ్యాసు, కరెంటు ధరలు పేలిపోయేసరికి కొలనులు మూతపడటం మొదలైంది. 2023 మార్చి బడ్జెట్‌లో ప్రభుత్వం 6.3 కోట్ల పౌండ్లు కేటాయించాల్సి వచ్చింది. డెవాన్‌లోని ఎక్స్‌మత్ కొలనులో ఒక చిన్న డేటా సెంటర్ పెట్టి, కంప్యూటర్ల వేడితో నీళ్లు కాచుకున్నారు. ఆ కథలోంచి మనకు పనికొచ్చే ముక్క నీళ్ల వేడి లెక్క. పోటీ కొలనుకు 25 నుంచి 28 డిగ్రీలు చాలు, చంటి పిల్లలకు నేర్పే కొలనుకు అంతకంటే వెచ్చన కావాలి. నీళ్లు వేడిచేసే కొలను ఉన్నవాళ్లు ఏ వేళకు ఎన్ని డిగ్రీలో క్లబ్బుతో కూర్చుని తేల్చుకుంటే, ఒక్క డిగ్రీ మీదే నెల తిరిగేసరికి బిల్లులో తేడా తెలుస్తుంది.

కాగితం మీద పెట్టండి

మంచి స్నేహం ఉంది కదా, రాతకోతలెందుకు అంటారు. స్నేహం ఉన్నప్పుడే రాయాలి. కోపం వచ్చాక రాసే కాగితాన్ని లాయర్లు రాస్తారు. ఒక్క పేజీ చాలు. ఏ రోజు, ఏ గంట, ఎన్ని లేన్లు. అద్దె ఎంత, ఏ నెలలో ఎంత పెరుగుతుంది. కొలను మూయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఆ రోజుల డబ్బు ఏమవుతుంది. కిక్ బోర్డులు, తాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి. నీటి పరీక్షల రిజిస్టరు కోచ్ ఎప్పుడైనా చూడవచ్చా. చూడవచ్చు అనే రాయించుకోండి.

లైఫ్‌గార్డు సంగతి మాత్రం విడిగా, పెద్ద అక్షరాల్లో రాయాలి. కోచ్ ఉన్నాడు కదా అని లైఫ్‌గార్డును తీసేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది నేను ఒప్పుకోలేను. స్టాప్‌వాచ్ చూస్తూ ఒక పిల్ల మోచేయి దిద్దుతున్న మనిషి, అదే క్షణంలో మూడో లేన్‌లో చప్పుడు లేకుండా మునుగుతున్న పిల్లవాణ్ణి చూడలేడు. మునిగేవాళ్లు చాలాసార్లు అరవరు. ప్రపంచంలో 2021లో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొదుపు చేయడానికి వంద దారులుండగా ఈ జీతం మీద చేయి పెట్టకూడదు. ఖర్చు భరించలేకపోతే క్లబ్, యాజమాన్యం చెరి సగం వేసుకోండి. లైఫ్‌గార్డు రాని రోజు ప్రాక్టీసు లేదు. ఇందులో బేరం లేదు.

ప్రభుత్వ కొలనుల్లో పనిచేసే క్లబ్బులకు ఇంకో ప్రమాదముంది. మున్సిపాలిటీ కొలనును టెండరులో లీజుకిస్తే కొన్నేళ్లకు నడిపే మనిషి మారతాడు. పాత మేనేజర్‌తో మీరు పదేళ్లుగా కట్టుకున్న నమ్మకం కొత్తవాడికి సంబంధం లేని విషయం. ఎక్కువ రేటు పాడి లీజు తెచ్చుకున్నాడు, ఆ డబ్బు రాబట్టుకోవాలి. అప్పుడు వెళ్లి మొరపెట్టుకుంటే ఎవరూ వినరు. టెండరు ప్రకటన రాకముందే కమిషనరును కలిసి, ‘పోటీ శిక్షణకు రోజుకు ఇన్ని గంటలు, ఇన్ని లేన్లు, ఈ రేటుకు కేటాయించాలి’ అనే షరతు టెండరులోనే చేర్పించండి. పాట పాడేవాడు ఆ షరతు చూసే పాడతాడు, అతనికీ అన్యాయం జరగదు. వినతిపత్రంతో పాటు మీ క్లబ్ పిల్లలు గెలిచిన పతకాల జాబితా, చలికాలం హాజరు పట్టీ, ఏడాదికి మీరు కట్టిన అద్దె మొత్తం జతచేయండి. ప్రజల సొమ్ముతో కట్టిన కొలనులో ప్రజల పిల్లలకు నాలుగు లేన్లు అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మాట తీరు

క్లబ్ తరఫున ఒక్కరే మాట్లాడాలి. కోచ్ ఒకటి, కార్యదర్శి ఒకటి, పలుకుబడి ఉన్న ఒక తండ్రి ఇంకొకటి చెబితే మేనేజర్ ముగ్గురిలో తనకు నచ్చినవాడి మాట పట్టుకుంటాడు. అద్దె అడిగించుకోకుండా ఒకటో తారీఖున కట్టండి. సరైన తేదీకి డబ్బిచ్చేవాడు ఏం మాట్లాడినా ఎదుటివాడు వింటాడు.

నీళ్లు మసకగా కనిపించిన రోజు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలా తేలిక. ఆ ఫొటో గంటలో ఊరంతా తిరుగుతుంది, పదేళ్ల సంబంధం తెగిపోతుంది. ముందు మేనేజర్‌కి ఫోన్ చేయండి. రాత్రి కరెంటు పోయిందేమో, మోటారు కాలిందేమో. అయితే గట్టు మీంచి చూస్తే అడుగున ఉన్న డ్రెయిను జాలీ స్పష్టంగా కనిపించకపోతే పిల్లల్ని దింపకండి. ‘సార్, మీ మీద కోపం లేదు, ఇవాళ మాత్రం దింపం. నీళ్లు తేటపడ్డాక చెప్పండి, వస్తాం’ అని మర్యాదగా చెప్పండి. మర్యాద వేరు, లొంగిపోవడం వేరు. మంచితనం కోసం పిల్లల భద్రత వదులుకునే కోచ్‌ను ఏ మేనేజరూ లోలోపల గౌరవించడు.

మేనేజర్లకూ ఒక మాట. వేళలు మార్చాల్సి వస్తే నోటీసు అంటించే ముందు కోచ్‌ను పిలిచి చెప్పండి. ‘మాస్టారూ, ఈసారి శిబిరానికి జనం ఎక్కువొచ్చేలా ఉన్నారు. మీ సాయంత్రం గంట కష్టం. పొద్దున్న అరగంట ముందుగా గేటు తీయిస్తాను, సరిపోతుందా?’ ఈ మూడు వాక్యాలకు పట్టే సమయం ఒక నిమిషం. గోడ మీద కాగితం చూసి తెలుసుకున్న మనిషికీ, ముందుగా అడిగించుకున్న మనిషికీ మధ్య ఎంత తేడా ఉంటుందో మనకు ఇళ్లలో తెలుసు, ఆఫీసుల్లోకి వచ్చాక మరిచిపోతాం.

ఈ మాటలన్నీ మాట్లాడుకోవడానికి మంచి నెల డిసెంబరు. గిరాకీ ఉండదు, మేనేజర్‌కి తీరిక ఉంటుంది, వేసవి ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టుదల ఎక్కి ఉండదు. లేన్ గంటల లెక్క మీరు వేసుకుని తీసుకెళ్లండి. ‘మీ ఖర్చులో మా వంతు ఇంతని మాకు తేలింది సార్, మీ పుస్తకంతో సరిచూడండి’ అని మొదలుపెట్టండి. ఆ సమావేశానికి పంప్ రూమ్ ఆపరేటర్‌ను తప్పకుండా పిలిపించండి. ఫిల్టర్లను కడిగే బ్యాక్‌వాష్ ఏ రోజు చేస్తే నీళ్లు తక్కువ పోతాయో, ఏ మోటారు మూలుగుతోందో, ఏ వాల్వు కారుతోందో ఆయనకే తెలుసు. కోచ్ ఫోన్ నంబరు ఆయన దగ్గర, ఆయన నంబరు కోచ్ దగ్గర ఉండాలి. రాత్రి పంపు ఆగిపోతే ఆయన నాలుగున్నరకే ఫోన్ చేసి చెప్పగలిగితే, ఇరవై కుటుంబాలు చీకట్లో బండ్లు వేసుకుని వచ్చి తిరిగి వెళ్లే అవసరం ఉండదు.